కథ ఎక్కడ ఎత్తుకోవాలి, ఎక్కడ దించాలి

నోటి కథకి మొదలూ చివరా తయారుగా ఉంటాయి. ‘అనగనగా’ అనగానే పిల్లలు సర్దుకుని కూర్చుంటారు. ‘కథ కంచికి, మనం ఇంటికి’ అనగానే లేచి దుప్పట్లు వెతుక్కుంటారు. అచ్చు కథకి ఆ వెసులుబాటు లేదు. పాఠకుడు బస్సులోనో, అన్నం ఉడికేలోపో ఫోన్ తెరుస్తాడు. మొదటి పేరా నచ్చకపోతే వేలితో పైకి తోసేస్తాడు. చివరి పేరా చెడితే అంతవరకూ నచ్చింది కూడా మరిచిపోతాడు.

కింద చెప్పే పద్ధతి 1200 నుంచి 2000 పదాల కథకి పనికొస్తుంది. పోస్టుకార్డు మీద పట్టేసే కార్డు కథల లెక్క వేరు, అక్కడ ఎత్తుగడకి, అంటే కథ మొదలుకి, చోటే ఉండదు. పట్టుకుని చూడ్డానికి ఒక చిన్న కథ అనుకుందాం. తెనాలిలో నాగూర్ అనే టైలరు. కూతురి పెళ్లికని రాఘవయ్య అతని దగ్గర చొక్కా కుట్టించుకున్నాడు. తీసుకెళ్లకుండానే చనిపోయాడు. కథ ఇంతే.

ముందు చివర రాయండి

కాగితం మీద ఈ మూడింటికి ఒక్కో వాక్యంలో జవాబు రాసుకోండి. కథలో ఏది మారుతుంది? ఏ పని చేశాక ఇక వెనక్కి వెళ్లడం కుదరదు? చివరగా పాఠకుడి కంటికి కనిపించే వస్తువు ఏది?

మూడోదానికి జవాబు రాకపోతే కథ ఇంకా తయారు కాలేదన్నమాట. ‘మానవత్వం’ అని రాసుకుంటే అది జవాబు కాదు. ‘కత్తెర’ అని రాసుకుంటే జవాబే. మన కథలో రాఘవయ్య కొడుకు వచ్చి, ఆ చొక్కా తన కొలతకి తగ్గించమంటాడు. నాగూర్ తగ్గిస్తాడు, కానీ మిగిలిన గుడ్డ కత్తిరించడు. పిల్లాడు పెరుగుతాడు కదా అని లోపలే వదిలేస్తాడు. చివర కనిపించేది ఆ లోపలి గుడ్డ.

ఇప్పుడు చివరి ఐదారు వాక్యాలు చిత్తుగా రాసి పక్కన పెట్టండి. తర్వాత మారతాయి, ఫరవాలేదు. గమ్యం తెలియకుండా ఎత్తుకున్న కథ ఎనిమిదో పేజీలో అలిసిపోతుంది. అప్పుడు రచయిత ఎవరో ఒకర్ని లారీ కింద పడేసి చేతులు దులుపుకుంటాడు. పోటీలకొచ్చే కథల్లో ఇన్ని ప్రమాదాలు జరగడానికి అసలు కారణం రోడ్లు కాదు.

ఎత్తుకునే రోజు వెతకడం

కాగితం మీద అడ్డంగా ఒక గీత గీసి కథలో జరిగినవన్నీ వరసగా గుర్తుపెట్టండి. రాఘవయ్య గుడ్డ ఇచ్చిన రోజు, కొలతలు తీసిన రోజు, చొక్కా పూర్తయిన రోజు, అతను పోయిన రోజు, కొడుకు షాపుకి వచ్చిన రోజు. ఇప్పుడు కుడి చివర నుంచి ఎడమకి రండి. ‘ఇక్కడ మొదలుపెడితే చివర అర్థమవుతుందా?’ అని ఒక్కోచోట అడగండి. అవునని మొదట ఎక్కడ అనిపిస్తే కథ అక్కడే ఎత్తుకోవాలి.

కొత్తవాళ్లు దీన్ని తిరగేసి చేస్తారు. గుడ్డ ఇచ్చిన రోజునుంచి, ఇంకా వెనక్కి వెళ్లి నాగూర్‌కీ రాఘవయ్యకీ బళ్లో కుదిరిన స్నేహం నుంచి మొదలుపెడతారు. 1500 పదాల్లో 600 అక్కడే అయిపోతాయి. మన కథకి కొడుకు వచ్చిన ఉదయమే సరైన చోటు. కొలతలూ, రాఘవయ్య నవ్వూ ఆ ఉదయంలోకే ఒక్కో ముక్కగా వచ్చి చేరతాయి.

తెలుగులో తొలి ఆధునిక కథగా చాలామంది చెప్పే గురజాడ ‘దిద్దుబాటు’ 1910లో వచ్చింది. అది భర్త ఇంటికి ఆలస్యంగా రావడం ఎన్నాళ్లనుంచి సాగుతోందో చెబుతూ మొదలుకాదు. రాత్రి ఒంటిగంటకి తలుపు తీయమన్న పిలుపుతో మొదలవుతుంది. లోపలినుంచి జవాబు రాదు. కథ ముగిసేది మంచం కింద భార్య నవ్వుతో. మొదటి వాక్యంలో రాని జవాబు చివరి వాక్యంలో వస్తుంది. నూరేళ్లు దాటినా ఆ కొలత చెక్కు చెదరలేదు.

మొదటి పేరా

నలభై నుంచి ఎనభై పదాలు చాలు. అందులో ఒక మనిషి, ఒక చోటు, తెగని విషయం ఒకటి ఉండాలి. మిగతావి తర్వాత.

చెడ్డ ఎత్తుగడ ఎలా ఉంటుందో చూడండి:

‘తూర్పున సూర్యుడు అప్పుడే కిరణాలు పరుస్తున్నాడు. తెనాలి పట్టణం మెల్లగా నిద్రలేస్తోంది. నాగూర్ షాపు షట్టర్ ఎత్తాడు. యాభై ఏళ్ల నాగూర్ ముప్పై ఏళ్లుగా అక్కడే బట్టలు కుడుతున్నాడు. ఎంతో మంచివాడు. అతని ఆలోచనలు గతంలోకి జారుకున్నాయి.’

సూర్యుడు ప్రతి ఊళ్లోనూ ఉదయిస్తాడు, దానివల్ల ఈ కథకి ఒరిగిందేమీ లేదు. వయసూ సర్వీసూ బయోడేటా. ‘మంచివాడు’ అన్నది తీర్పు, సాక్ష్యం రాకముందే ఇచ్చేశారు. ఇక ఆలోచనలు గతంలోకి జారాయంటే, ముందు చెప్పిందంతా అనవసరం, అసలు కథ ఇంకెక్కడో ఉందని రచయితే ఒప్పుకున్నట్టు. అలారం మోగడం, అద్దంలో మొహం చూసుకోవడం, రైలు కిటికీ పక్కన కూర్చుని జ్ఞాపకాల్లో మునగడం, ఇవన్నీ ఈ కుటుంబమే. ఇవి రచయిత వేడెక్కడానికి రాసుకునే వాక్యాలు. చిత్తులో ఉండొచ్చు, ప్రతిలో ఉండకూడదు.

దీన్ని తప్పించుకోబోయి కొందరు రెండోవైపు పడతారు: ‘రాఘవయ్య చచ్చిపోయాడు!’ ఆశ్చర్యార్థకంతో సహా. పాఠకుడికి రాఘవయ్య ఎవరో తెలియదు, కాబట్టి బాధ కలగదు. దాచుకుని వాడాల్సిన ముక్క ముందే ఖర్చయిపోయింది.

ఇప్పుడిది చూడండి:

‘రాఘవయ్య చొక్కా కుట్టడం అయిపోయి పదకొండు రోజులైంది. షట్టర్ ఎత్తగానే నాగూర్ దాన్ని హ్యాంగరుతో సహా తీసి, దులిపి, మళ్లీ అక్కడే తగిలిస్తున్నాడు. బిల్లులో ఇంకా రెండొందలు రావాలి. పెళ్లి భోజనాలకి పొట్ట వస్తుంది, లోపల గుడ్డ వదలవయ్యా అని అడిగి మరీ నవ్వినందుకు, రెండు పక్కలా అంగుళం చొప్పున వదిలాడు కూడా.’

నాలుగు వాక్యాలు. చావు మాటే లేదు. కానీ పదకొండు రోజులు అనగానే తెలుగు పాఠకుడికి ఎక్కడో చిన్న అనుమానం తగులుతుంది, ఎందుకో చెప్పక్కర్లేదు. రోజూ దులపడంలో నాగూర్ ఎలాంటివాడో తెలిసింది. అన్నిటికంటే ముఖ్యం, చివర కావలసిన లోపలి గుడ్డ నవ్వులో కలిసి లోపలికి వచ్చేసింది. మీ కథలోనూ చివరి వస్తువుని మొదటి పేజీలోకి ఇలాగే, వేరే పని మీద వచ్చినట్టు తీసుకురండి. ‘ఆ గుడ్డే తర్వాత ముఖ్యమవుతుందని అతనికి తెలియదు’ లాంటి వాక్యం మాత్రం రాయకండి. విత్తనం పక్కన బోర్డు పెట్టినట్టుంటుంది.

ఆ తర్వాత వంద పదాల్లోపు కొడుకు రావాలి: ‘గుండుతో ఉన్న పదిహేనేళ్ల పిల్లాడు బిల్లు చీటీ పట్టుకుని మెట్ల దగ్గర ఆగిపోయాడు.’ గుండు చెప్పాల్సింది చెప్పేసింది. ఇక రాఘవయ్యకి గుండెపోటు ఎప్పుడొచ్చింది, ఏ ఆసుపత్రికి తీసుకెళ్లారు అన్న వివరాలు ఈ కథకి అక్కర్లేదు.

మొదటి వాక్యంలోనే తేల్చుకోవాల్సినవి

తెలుగులో మొదటి వాక్యం రాయగానే మీరు కొన్నిటికి కట్టుబడిపోతారు. నాగూర్‌ని ‘అతను’ అంటారా, ‘ఆయన’ అంటారా, ‘వాడు’ అంటారా? అది మర్యాద ఒక్కటే కాదు, కథ చెప్పేవాడు ఎంత దూరంలో నిలబడ్డాడో చెప్పే కొలత. ‘వాడు’ అంటే చిన్నప్పటినుంచి ఎరిగినవాడు చెబుతున్నట్టు, ‘ఆయన’ అంటే గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్నట్టు. ‘ఆమె’, ‘ఆవిడ’ల మధ్య తేడా కూడా ఇలాంటిదే. ఒకటి ఎంచుకుని చివరిదాకా ఉంచండి. నాలుగో పేజీలో ‘అతను’ ‘ఆయన’గా మారితే కొత్త మనిషి వచ్చాడేమో అని పాఠకుడు వెనక్కి వెళ్లి వెతుక్కుంటాడు.

యాస సంగతీ అంతే. కథనం ‘వెళ్లాడు’తో మొదలైతే వెళ్లాడే, ‘పోయిండు’తో మొదలైతే పోయిండే. కథనం ఒక రకంగా, మాటలు ఇంకో రకంగా నడపొచ్చు, చాలామంది చేసేది అదే. అయితే ఆ ఏర్పాటు మొదటి పేజీలోనే కనిపించాలి. ఆరో పేజీలో హఠాత్తుగా ఒక పాత్ర శ్రీకాకుళం యాసలో మాట్లాడితే అది వేషంలా ఉంటుంది.

చుట్టరికాలతో జాగ్రత్త. ‘మామయ్య’ అంటే మేనమామ కావచ్చు, పిల్లనిచ్చిన మామ కావచ్చు, అత్త మొగుడు కావచ్చు. మొదటిసారి వాడేటప్పుడే ‘అమ్మ తమ్ముడు’ అనో ఇంకోటో ఆనవాలు ఇచ్చేయండి. మొదటి పేరాలో ఇద్దరికి మించి పేర్లు వద్దు. రమ, రాధ, రాజ్యం అని ఒకే అక్షరంతో మొదలయ్యే పేర్లు అసలే వద్దు, చదివేవాళ్లు మొదటి అక్షరాన్నే గుర్తుపెట్టుకుంటారు.

మాటతో ఎత్తుకోవచ్చా అని అడుగుతుంటారు. ఎత్తుకోవచ్చు, రెండు మాటలయ్యేలోపు ఎవరు ఎవరితో అంటున్నారో తెలిస్తే. ఆరు వరసల సంభాషణ దాటాక కూడా మనుషులు కనపడకపోతే అది రేడియో నాటిక.

ముగింపు

పతాక సన్నివేశం అయ్యాక మీ దగ్గర వంద పదాలకి మించి లేవనుకోండి. సాధారణంగా చిత్తులో చివర మూడు పొరలు ఉంటాయి: పాత్ర చేసిన పని, దానికి పక్కవాళ్ల స్పందన, రచయిత వివరణ. మూడోది ఎప్పుడూ కొట్టెయ్యండి. రెండోది తొంభైపాళ్లు కొట్టెయ్యొచ్చు. మన కథ చిత్తు ఇలా ముగిసిందనుకుందాం:

‘నాగూర్ మెడలో టేపు తీసి పిల్లాడి ఛాతీ కొలిచాడు. నాలుగంగుళాలు తక్కువ. సుద్దతో గీత పెట్టి, పక్క కుట్లు విప్పి, లోపలికి తీసుకుని మళ్లీ కుట్టాడు. మిగిలిన గుడ్డ కత్తిరించబోయి కత్తెర పక్కన పెట్టేశాడు. “లోపల వదిలాన్రా. పెరిగాక వచ్చి విప్పించుకో” అన్నాడు. పిల్లాడు అలాగే చూస్తూ ఉండిపోయాడు. అతని కళ్లు చెమర్చాయి. తండ్రి లేని లోటు ఎవరూ తీర్చలేరు, కానీ మనుషుల్లో మంచితనం ఉన్నంతకాలం ఏ పిల్లాడూ ఒంటరి కాడు అనుకున్నాడు నాగూర్.’

చివరి మూడు వాక్యాల మీద చెయ్యి అడ్డం పెట్టి చదవండి. ఏమీ పోలేదు, పైగా ‘విప్పించుకో’ అన్న మాట ఇంకా మోగుతోంది. అందులోనే పిల్లాడు పెరుగుతాడన్న నమ్మకం ఉంది, మళ్లీ రమ్మన్న పిలుపూ ఉంది. కళ్లు చెమర్చాల్సింది పాఠకుడికి. పాత్ర ముందే ఏడిస్తే అతనికి పనుండదు. పైగా ఈ ‘కళ్లు చెమర్చాయి’ ఎన్ని కథల చివర వాడి అరిగిపోయిందో లెక్కే లేదు.

చెయ్యి అడ్డం పెట్టే పరీక్ష ప్రతి కథకీ చేయండి. ఒక్కో వాక్యం చొప్పున కిందనుంచి మూస్తూ పైకి వెళ్లండి. ఏ వాక్యం మూస్తే కథ అర్థం కాకుండా పోతుందో దాన్ని మూయకుండా ఆపండి, కథ ఆ వాక్యంతోనే ముగియాలి. కథ రాశాక మొదలూ చివరా కొట్టెయ్యాలని రష్యన్ కథకుడు చెహోవ్ తనతో అన్నట్టు మరో రష్యన్ రచయిత బునిన్ రాసిపెట్టాడు. అక్షరాలా పాటించక్కర్లేదు గానీ, పెన్సిల్‌తో అడ్డగీత పెట్టి చూడ్డానికి ఖర్చేమీ లేదు.

రెండొందల బాకీ గుర్తుందా? ఎత్తుగడలో పెట్టారు కాబట్టి తీర్చాలి. కానీ చివర తీర్చకూడదు. నాగూర్ డబ్బు వద్దనడం ఒక ముగింపు, గుడ్డ వదలడం ఇంకో ముగింపు. రెండూ పక్కపక్కన పెడితే ఒకదాన్ని ఇంకోటి తినేస్తుంది. కాబట్టి కథ నడుమే, కొలతలు తీయకముందే, పిల్లాడు నోట్లు తీసి మిషను మీద పెట్టేయాలి, నాగూర్ తీసుకోవాలి కూడా. తీసుకుంటేనే ఆ పిల్లాడికి గౌరవం.

చివరి మాట గురించి. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది కాబట్టి మీ కథలో ఆఖరి మాట చాలాసార్లు క్రియే అవుతుంది. ‘వెళ్లిపోయాడు’ అంటే తలుపు మూసినట్టు. ‘వెళ్తున్నాడు’ అంటే ఇంకా కంటికి కనిపిస్తున్నట్టు. తేల్చిన కథకి మొదటిది, తేలని కథకి రెండోది. కథంతా భూతకాలంలో నడిపి చివరి వాక్యం ఒక్కటీ వర్తమానంలోకి తిప్పితే పని చేస్తుంది, అయితే ఆ వాక్యం ఒక్కటే ఉండాలి. ఆఖర్న మూడు చుక్కలు పెట్టడం మానండి. చుక్కలు పెడితే లోతు రాదు, వాక్యం పూర్తి చేయడం రాలేదని తెలుస్తుంది.

కొసమెరుపు కావాలంటే

కొసమెరుపు కథ, అంటే చివర్లో ఊహించని మలుపు తిరిగే కథ, తప్పేం కాదు, కష్టం. పాఠకుడు మోసపోయాననుకోకూడదు, ‘అరే, నేనే గమనించలేదు’ అనుకోవాలి. అందుకు కనీసం రెండు ఆనవాళ్లు ముందే పెట్టాలి. ఒకటి కథ మొదటి మూడోవంతులో, ఇంకోటి నడుమ. రెండింటికీ మరో మామూలు అర్థం కూడా ఉండాలి. అయ్యాక కథ మళ్లీ మొదటినుంచి చదవండి. ఒక్క వాక్యమైనా అబద్ధమైతే మెరుపు చెడింది. కథ చెప్పే పాత్రకి తెలిసిన విషయాన్ని ఆ పాత్రే చివరిదాకా దాచితే అది మెరుపు కాదు, దొంగాట.

ఆడా మగా అన్నది దాచి చివర చెప్పే కథలు అనువాదాల్లో చదివి మనవాళ్లూ ప్రయత్నిస్తారు. తెలుగులో అది అంత తేలిక కాదు. ‘వచ్చాడు’, ‘వచ్చింది’ అని క్రియే బయటపెట్టేస్తుంది. దాచాలంటే దారులు రెండే. ఉత్తమ పురుషలో రాస్తే ‘వచ్చాను’ ఎవరికైనా సరిపోతుంది. లేదా గౌరవ వాచకం, ‘డాక్టరుగారు వచ్చారు’ అన్నట్టు. ఇంకేం చేసినా వాక్యాలు మెలికలు పడి, రచయిత ఏదో దాస్తున్నాడని మొదటి పేజీలోనే దొరికిపోతుంది.

అంతా కలేనని ముగించడం, ఆఖరి ఉత్తరంలో కథంతా విప్పి చెప్పడం, తాతయ్యతోనో మాస్టారితోనో అరపేజీ ఉపన్యాసం ఇప్పించడం గురించి ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. మీ కథలో మాస్టారు ఉంటే ఆయన్ని చివరి పేజీలో ఊరెళ్లనివ్వండి.

సరిచూసుకోవడం

చిత్తు పూర్తయ్యాక కనీసం వారం ముట్టుకోకండి. తర్వాత మొదటి పేరా, చివరి పేరా మాత్రమే, నడుమ వదిలేసి, ఒకదాని వెంట ఒకటి పైకి చదవండి. రెండూ ఒకే మనిషి గొంతులా వినపడాలి. మొదటిదాంట్లో తెగనిది చివరిదాంట్లో ఎటో ఒకవైపు కదిలి ఉండాలి. చొక్కా మొదట హ్యాంగరుకి ఉంది, చివర పిల్లాడి ఒంటికి కుదిరింది. ఇలా ఒక జత మీ కథలో కనపడకపోతే, ఎక్కువసార్లు తప్పు ఎత్తుగడలోనే ఉంటుంది. ముగింపుని సాగదీసి అతికించకండి, మొదటి పేరా తిరగరాయండి.

పైకి చదివేటప్పుడు ఎక్కడ ఊపిరి అందకపోతే అక్కడ వాక్యం తెంపండి. మొదటి వాక్యం పన్నెండు పదాలు దాటితే ఎందుకు దాటిందో మీకు తెలిసుండాలి. ఒకసారి ఫోన్‌లో కూడా చదవండి, అక్కడ ఆరు వాక్యాల పేరా గోడలా కనిపిస్తుంది.

పేరు ఆఖర్న పెట్టండి. ‘మనసున్న టైలర్’ అంటే కథ అట్ట మీదే అయిపోయింది. ‘లోపలి గుడ్డ’ అంటే చదవకముందు మామూలు మాట, చదివాక ఇంకో అర్థం. కొసమెరుపు కథ అయితే పేరుని ఇంకా అనుమానంగా చూడండి. మెరుపుని ముందే బయటపెట్టేది చాలాసార్లు అదే.

పోటీవాళ్లు 1500 పదాలన్నారు, మీది 1640 వచ్చింది. కోత పెట్టాలంటే అందరి చెయ్యీ చివరి పేజీ మీదకే వెళ్తుంది, అప్పటికి అలిసిపోయి ఉంటాం కాబట్టి. ఈ రెండు కొసలూ సరిపోయాక వాటి జోలికి వెళ్లకండి. రెండో పేజీ తీయండి. కొడుకు వచ్చాక, కొలత తీయకముందు, నాగూర్ గుర్తు తెచ్చుకునే పాత సంగతులు మూడు ఉంటాయి. వాటిలో రెండు తీసేస్తే ఆ 140 పదాలూ అక్కడే దొరుకుతాయి.